ఇంటర్‌లో 962, యూనివర్సిటీ మొదటి అసైన్‌మెంట్‌లో 25కి 9. నేనెక్కడ తప్పాను?

చివరి_బెంచి
2025 సెప్టెంబర్ 13, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాను. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ ఎంఈసీ, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాను.

మొదటి అసైన్‌మెంట్ ఇది: "ఉపాధి హామీ పథకం వల్ల వ్యవసాయ కూలి రేట్లు పెరిగాయా? పరిశీలించండి." 1500 పదాలు, రెండు వారాలు గడువు. పథకం లక్షణాలు 8 పాయింట్లు, లాభాలు 10, నష్టాలు 6 రాశాను. సైడ్ హెడ్డింగులకు నీలం స్కెచ్‌తో గీతలు కూడా కొట్టాను. 25కి 9 వచ్చాయి. చివరి పేజీలో ఎర్ర ఇంకుతో రెండే మాటలు: "నువ్వు ఎక్కడ?"

మొదట అటెండెన్స్ గురించేమో అనుకున్నా.

సార్ దగ్గరికి వెళ్తే "క్రిటికల్‌గా ఆలోచించు, సొంతంగా చదవడం అలవాటు చేసుకో" అన్నారు. తల ఊపి వచ్చేశాను. ఇక్కడ నోట్స్ చెప్పరు. వారానికి మూడు నాలుగు పేపర్లు చదువుకు రమ్మంటారు, ఒక్కోటి ముప్ఫై పేజీలు. ఏది ఇంపార్టెంటో చెప్పరు. ఇంటర్లో పొద్దున ఐదున్నరకి లేపి రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టేవాళ్ళు. ఇక్కడ లేపేవాళ్ళు లేరు. లైబ్రరీలో కూర్చుంటే గంట తర్వాత కూడా అదే పేజీ. ఢిల్లీ, కేరళ నుంచి వచ్చినవాళ్ళు క్లాసులో చెయ్యెత్తి మాట్లాడుతుంటే నాకు టెన్షన్.

క్రిటికల్ థింకింగ్ అంటే రచయిత తప్పులు వెతకడమా? సోమవారం పొద్దున లేచి ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి.

హాస్టల్_207
సెప్టెంబర్ 14, అర్ధరాత్రి 12:10

అటెండెన్స్ దగ్గర గట్టిగా నవ్వాను, ఏమనుకోకు తమ్ముడూ. మూడేళ్ళ కింద నా పేపరు మీద "అయితే ఏంటి?" అని రాశారు. ఇప్పటికీ దాచుకున్నా. పొద్దున వివరంగా రాస్తా.

సూటిగా
సెప్టెంబర్ 14, అర్ధరాత్రి 12:31

ఎక్కువ ఆలోచించకు బాసూ. మంచి మార్కులు వచ్చిన సీనియర్ల పాత పేపర్లు దొరుకుతాయి, అదే మోడల్‌లో రాసెయ్. లేదంటే ఏఐకి ఇవ్వు, రెండు నిమిషాల పని. మిగిలిన టైంలో ఎక్సెల్, పైథాన్ నేర్చుకో. ఉద్యోగం ఇచ్చేవాడు "నువ్వు ఎక్కడ" అని అడగడు.

పాత_సుద్దముక్క
సెప్టెంబర్ 14, ఉదయం 5:48

నాయనా, ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పొడుగ్గా రాసే అలవాటు పోలేదు, ఓపిక పట్టు.

నువ్వు రాసింది ఆవు వ్యాసం. కథ తెలుసుగా? ఆవు వ్యాసం ఒక్కటే బట్టీ పట్టిన పిల్లవాణ్ణి కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, "కొబ్బరిచెట్టుకు ఆవును కట్టేస్తారు" అని మొదలుపెట్టి తక్కినదంతా ఆవు గురించే రాశాడట. నిన్ను అడిగింది కూలి రేటు గురించి. నువ్వు ఆ ప్రశ్నకు పథకాన్ని కట్టేసి పథకం గురించి రాశావు. నీ 24 పాయింట్లలో కూలి రేటు అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి చెప్పు.

తప్పులు వెతకడమా అని అడిగావు. కాదు. విమర్శ అనే మాటను మనం తిట్టు దగ్గరికి లాక్కొచ్చాం గానీ, దాని అసలు అర్థం బాగా తరచి చూడటమే. మన తార్కికులు ఒక సంగతి నాకు తెలుసు అనాలంటే అది ఏ దారిన తెలిసిందో చెప్పమన్నారు. న్యాయశాస్త్రంలో నాలుగు దారులు: కంటితో చూడటం ప్రత్యక్షం, పొగను చూసి నిప్పుందనడం అనుమానం, తెలిసినదానితో పోల్చి తెలియనిదాన్ని గుర్తుపట్టడం ఉపమానం, నమ్మదగినవాడు చెబితే తెలుసుకోవడం శబ్దం. మన ఇంటర్ చదువంతా శబ్దమే. సార్ చెప్పారు, మెటీరియల్‌లో ఉంది, అయిపోయింది. అయితే శబ్దానికి కూడా వాళ్ళు షరతు పెట్టారు. చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి, అంటే ఆ సంగతి తెలిసినవాడు, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మెటీరియల్ రాసినవాడు అలాంటివాడా అని మనం ఎన్నడైనా అడిగామా? నేనూ అడగలేదులే, పిల్లలచేత అడిగించనూ లేదు. సిలబస్ పూర్తిచేయాలి కదా.

రెండో సంగతి పూర్వపక్షం. పాత పండితులు తమ మాట చెప్పేముందు ఎదుటివాడి వాదం చెప్పేవారు. అతికించినట్టు "కొందరు నష్టాలు కూడా ఉన్నాయంటారు" అని కాదు. ఎదుటివాడు విని "అవును, నేననేది ఇదే" అనేటంత బలంగా. నీ 10 లాభాలూ 6 నష్టాలూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు, రైల్లో ఎదురుబొదురు సీట్ల వాళ్ళలాగా.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. పందిరి గుంజ పాతేవాడు గుంటలో నిలబెట్టి మట్టి పోసి వెళ్ళిపోడు. పట్టుకుని ఊపుతాడు. కదిలితే మళ్ళీ మట్టి దట్టిస్తాడు. దీన్నే స్థూణానిఖనన న్యాయం అన్నారు. రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి ఊపి చూడు.

చివరి_బెంచి
సెప్టెంబర్ 14, ఉదయం 9:20

సార్, లెక్కపెట్టాను. కూలి రేటు అని రెండుసార్లు వచ్చింది. అందులో ఒకటి పైన ప్రశ్న తిరగరాసినప్పుడు.

హాస్టల్_207
సెప్టెంబర్ 14, ఉదయం 9:24

😂😂

అంకెలపిచ్చి
సెప్టెంబర్ 14, ఉదయం 11:15

పీహెచ్‌డీలో లేబర్ ఎకనామిక్స్ చేస్తున్నా కాబట్టి ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయా. మీ సార్ మంచి ప్రశ్న ఇచ్చారు, పైకి అవునా కాదా అన్నట్టుంది గానీ లోపల సుడిగుండం.

కూలి రేట్లు పెరిగాయా అంటే పెరిగాయి. ఆ పథకం "వల్ల" పెరిగాయా అన్నదే ప్రశ్న. మనకు దీనికి పాత మాటే ఉంది, కాకతాళీయం. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే రాలిందా, పండి రాలిందా? పథకం వచ్చిన రోజుల్లోనే పట్టణాల్లో కట్టుబడి పనులు పెరిగాయి, పంటలకు మద్దతు ధరలూ పెరిగాయి. కాకులు చాలా ఉన్నాయి, పండు ఒకటే.

దీన్ని తేల్చడానికి పరిశోధకులకు ఒక వీలు దొరికింది. చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మీ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది (ఇది నీ వ్యాసంలో ఉందా?). కానీ దేశమంతా ఒకేసారి అమలుకాలేదు. మొదట 200 జిల్లాలు, 2007లో ఇంకో 130, 2008 ఏప్రిల్ నుంచి తక్కినవి. అంటే కొంతకాలం పథకం ఉన్న జిల్లాలూ లేని జిల్లాలూ పక్కపక్కనే ఉన్నాయి, పోల్చుకోవచ్చు.

ఇక్కడ ఊపాలి గుంజని. ఆ 200 జిల్లాలు చీటీలు వేసి ఎంచుకున్నవి కాదు, వెనుకబడినవని ఎంచుకున్నవి. వాటినీ తక్కిన వాటినీ నేరుగా పోల్చితే అన్యాయం. ఆర్థికవేత్తలు క్లెమెంట్ ఎంబెర్, జాన్ ప్యాప్ 2015 పేపర్‌లో రెండు గుంపుల్లోనూ మార్పు ఎలా నడిచిందో పోల్చి, ప్రైవేటు కూలి పెరిగిందన్నారు. అదే జిల్లాల క్రమాన్ని లారా జిమ్మర్‌మన్ ఇంకో పద్ధతిలో, వెనుకబాటు జాబితాలో గీతకు కాస్త పైనా కాస్త కిందా ఉన్న జిల్లాలను పోల్చి చూస్తే కూలి మీద పెద్ద ప్రభావం కనబడలేదు. ఒకే దేశం, ఒకే పథకం, రెండు జవాబులు. నువ్వు రాయాల్సింది అక్కడ మొదలవుతుంది: ఎందుకు తేడా వచ్చింది, నీకు ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉంది, ఎందుకు.

పేపర్లు ఎక్కడ దొరుకుతాయి అంటావేమో. 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల 13 వేల జర్నల్స్ దాకా తెరిచారు. మీ లైబ్రరీ వాళ్ళని లాగిన్ అడుగు. అడిగేవాళ్ళు లేక వాళ్ళే ఎదురుచూస్తుంటారు.

ముప్ఫై పేజీలను మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవకు. మేం ఎవరం అలా చదవం. ముందు సారాంశం, తర్వాత పరిచయం, ఆ తర్వాత నేరుగా పట్టికలు, చివర ముగింపు. అప్పుడు పుస్తకం మూసి "వీళ్ళు ఏం అడిగారు, ఎలా కనుక్కున్నారు" అని రెండు లైన్లు రాయి. రాయలేకపోతే మధ్య పేజీల్లోకి వెళ్ళు. నా మొదటి పేపర్‌కి నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాలు, అర్థం కానివి ఇప్పటికీ బోలెడు.

ల్యాబ్_కోటు
సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 2:40

ఇది ఆర్ట్స్ వాళ్ళ బాధ మాత్రమే అనుకోకండి. నేను బీఎస్సీ ఫిజిక్స్. సింపుల్ పెండ్యులమ్ ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాలని అందరికీ ముందే తెలుసు. కాబట్టి మేం ముందు జవాబు రాసి, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు "తీసుకునేవాళ్ళం". రికార్డులన్నీ ముత్యాల్లా ఉండేవి.

సెకండియర్లో ఒక మేడమ్ మా రికార్డులు బల్ల మీద పక్కపక్కన పరిచి, "ఇంతమందికీ 980 వచ్చిందా? మీ అందరి బొటనవేళ్ళూ స్టాప్‌వాచ్‌ని ఒకే క్షణంలో నొక్కుతాయా?" అన్నారు. తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే: ఒక ఊపుకి బదులు 20 ఊపులకి టైం ఎందుకు చూస్తాం? రెండేళ్ళుగా 20 లెక్కపెడుతున్నాం, ఒక్కరికీ తెలియదు. నొక్కడంలో జరిగే తప్పు ఒక ఊపుకైనా 20 ఊపులకైనా దాదాపు అంతే. 20తో భాగిస్తే ఒక్కో ఊపు వాటాకి ఆ తప్పు ఇరవయ్యో వంతు అవుతుంది. అంతే. ఇంత చిన్న సంగతి. ఆ రోజు నాకు 951 వచ్చింది, అలాగే రాసి ఇచ్చా. దారం పొడవు గుండు మధ్యదాకా కాకుండా కొక్కెం దాకానే కొలిచానని తర్వాత తెలిసింది. ఆ 951 నుంచి నేర్చుకున్నంత 980ల నుంచి నేర్చుకోలేదు.

సూటిగా
సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 3:05

కథ బాగుంది. 951 రాసినందుకు మార్కులు తగ్గాయా లేదా అది చెప్పండి.

ల్యాబ్_కోటు
సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 3:11

తగ్గలేదు. కానీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు 980 రాశాను. నిజం చెప్పాలి కదా.

చివరి_బెంచి
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:30

అందరికీ థాంక్స్. అంకెలపిచ్చి అన్నా, బండ్లపల్లి నా వ్యాసంలో లేదు. మా ఊరికి దూరమేమీ కాదు.

ఒకటి అడగాలి. మా అమ్మ ఉపాధి పనికి పోతుంది. మా వైపు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. ఎండాకాలం చెరువు పూడిక, కాలువ తవ్వకం. చెనిక్కాయ పీకే రోజుల్లో మాత్రం కరువు పనికి ఎవరూ పోరు, గుత్తకు చేనికి పోతే ఎక్కువొస్తుంది. ఇది రాద్దామా అని అసైన్‌మెంట్ అప్పుడే అనిపించింది. కానీ పుస్తకంలో లేదు కదా, మా ఇంటి సంగతి యూనివర్సిటీలో రాస్తే నవ్వుతారని వదిలేశా. అలాంటివి రాయొచ్చా?

అంకెలపిచ్చి
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:34

ఆగు ఆగు ఆగు.

ఇది ముందే చెప్పొద్దూ!

అంకెలపిచ్చి
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:58

బస్సులో ఉన్నా, దిగి రాస్తున్నా. నువ్వు చెప్పింది కబురు కాదు, ఒక పరీక్ష. చూడు: కరువు పని ఎండాకాలం ఎక్కువ, పంట కోసే రోజుల్లో తక్కువ. కూలి పెరగడానికి కారణం పథకమే అయితే పెరుగుదల ఎప్పుడు కనబడాలి? ఎండాకాలం. పంట రోజుల్లోనూ అంతే పెరిగిందనుకో, కారణం వేరే ఏదో ఉండాలి. ఇందాక చెప్పిన 2015 పేపర్‌లో వాళ్ళు ఎండాకాలం, వానాకాలం విడదీసి చూశారు. పథకం ప్రభావం ప్రధానంగా ఎండాకాలంలోనే కనబడింది. మీ అమ్మగారు చేలో చూసినదాన్నే వాళ్ళు అంకెల్లో వెతికారు.

"నువ్వు ఎక్కడ" అంటే సార్ అడిగింది ఇదే అనుకుంటున్నా.

పాత_సుద్దముక్క
సెప్టెంబర్ 14, రాత్రి 7:45

ఇది ప్రత్యక్షం నాయనా. అయితే ఒక ఊరి ప్రత్యక్షం. "మా ఊళ్ళో ఇలా ఉంది కాబట్టి దేశమంతా ఇంతే" అన్నావో, గుడ్డివాళ్ళు ఏనుగును తడిమినట్టే. మా ఊళ్ళో ఇలా చూశాను, తక్కిన చోట్ల ఇలాగే ఉందా అని వెతికాను అని రాయి.

క్లాసులో చెయ్యెత్తడం గురించి కూడా అన్నావు కదా. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చెబుతాను. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళారు. 1944లో అక్కడి యూనివర్సిటీలో పాఠం చెబుతూ, శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం ఒకటి వివరించారు. ఒక విద్యార్థి లేచి "చిన్న శాంపిల్‌కీ ఇది చెల్లుతుందా" అని అడిగాడు. రావు గారికి అప్పటికి జవాబు తెలియదు. ఆ రాత్రి కూర్చుని సాధించారు. మరుసటి ఏడాది, పాతికేళ్ళ వయసులో ఆయన అచ్చువేసిన పేపర్‌లో ఉన్నది అదే. క్రామర్–రావు అవధి అని ప్రపంచమంతా చదువుతున్నారు. అడిగిన కుర్రాడు వి.ఎం. దండేకర్, తర్వాత దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్తల్లో పేరున్నవాడు. ఆయన అడిగింది గొప్ప ఇంగ్లీషు వాక్యమేమీ కాదు చూడు. "చిన్నదైతే?" అంతే.

తెలుగు_మీడియం
సెప్టెంబర్ 14, రాత్రి 9:02

తమ్ముడూ, నేను పది దాకా జిల్లా పరిషత్ స్కూలు, తెలుగు మీడియం. ఎం.ఏ.లో మొదటి ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. నాకు ఆలోచన రావట్లేదు అనుకున్నా. వచ్చేది, తెలుగులో వచ్చేది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపు వాళ్ళు ఇంకో విషయానికి వెళ్ళిపోయేవాళ్ళు.

పేపర్ చదివాక ముందు తెలుగులో రూమ్మేట్‌కి చెప్పడం మొదలుపెట్టా. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట. పాత తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు కూడా పక్కన పెట్టుకునేదాన్ని, కొన్ని భావనలు అందులో పట్టుకుని ఇంగ్లీషులోకి దూకేదాన్ని.

నాకు దొరికిన కిటుకు ఒకటి చెప్తా, నవ్వకండి. మన భాషలో "ట" ఉంది. ఊళ్ళో ఎవరూ "వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరింది" అని ఊరికే అనరు, "కుదిరిందట" అంటారు. తాను చూసింది కాదు, విన్నది అని ఒక్క అక్షరంలో చెప్పేస్తారు. చదువుకున్నాక మనం ఆ "ట"ని వదిలేశాం. నేను నోట్స్‌లో ప్రతి వాక్యానికీ పెట్టా. "కూలి రేట్లు పెరిగాయట." ఎవరన్నారు? "వలసలు తగ్గాయట." ఎక్కడ? ఎప్పుడు? ఆధారం దొరికిన వాక్యానికి "ట" కొట్టేసి పక్కన పేజీ నంబరు వేసేదాన్ని. చివరికి "ట" మిగిలినవే నా ప్రశ్నలు.

పాత_సుద్దముక్క
సెప్టెంబర్ 14, రాత్రి 9:15

అమ్మా, ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టలేదు ఇది.

డల్లాస్_బస్సు
సెప్టెంబర్ 14, రాత్రి 10:20

ఆధారం, పేజీ నంబరు మాట వచ్చింది కాబట్టి నా గొడవ. ఎం.ఎస్. మొదటి సెమిస్టర్‌లో రిపోర్టులో రెండు పేరాలు ఒక పేపర్ నుంచి ఎత్తి, చివర రచయిత పేరు పెట్టా. పేరు పెట్టాను కదా, దొంగతనం ఎలా అవుతుంది అనుకున్నా. వాక్యాలు వాళ్ళవే అయినప్పుడు కొటేషన్ మార్కులు ఉండాలట (చూశారా, ట). విచారణకి పిలిచారు, ఆ రిపోర్టుకి సున్నా. వీసా ఏమవుతుందోనని వారం రోజులు నిద్రపోలేదు. మనకి చిన్నప్పటినుంచి "ఉన్నది ఉన్నట్టు రాయి" అనే నేర్పారు, అదే అక్కడ తప్పయింది.

ఇండియాలోనూ యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం దాటితే తిరగరాయాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఫస్టియర్ అసైన్‌మెంట్‌కి అంత ఉండదులే, కానీ అలవాటు ఇప్పుడే అవుతుంది. ఇప్పుడు నేను చేసేది ఇదే: పేపర్ మూసి, నా మాటల్లో రాసి, మళ్ళీ తెరిచి సరిచూస్తా. తెరిచి పెట్టుకుని రాస్తే చెయ్యి దానంతటదే కాపీ కొడుతుంది.

సూటిగా
సెప్టెంబర్ 14, రాత్రి 10:41

అందరూ కలిసి నన్ను విలన్ చేశారు. సరే, ఒక మాట. వారానికి నాలుగు పేపర్లు, ఐదు సబ్జెక్టులు, ప్రతి వాక్యానికీ "ట" పెట్టుకుంటూ కూర్చుంటే సెమిస్టర్ ఎప్పుడు పూర్తవుతుంది? అబ్బాయి ఇంట్లో పరిస్థితి చూస్తే ఉద్యోగం త్వరగా కావాలి. ఇది ఎవరూ మాట్లాడట్లేదు.

ఏఐ గురించి కూడా. నేను రోజూ వాడతా. వాడకపోతే వెనకబడతాం.

అంకెలపిచ్చి
సెప్టెంబర్ 14, రాత్రి 11:05

మొదటిది న్యాయమైన మాట. అన్నీ ఒకేలా చదవక్కర్లేదు. నాలుగింటిలో ఒకటి లోతుగా, రెండు పైపైన, ఒకటి సారాంశం. ఏది లోతుగా అన్నది నువ్వే తేల్చుకోవాలి, తప్పు పోతే పోనీ. పైథాన్ కూడా నేర్చుకో, ఆ కూలి రేట్ల లెక్కలు చూడటానికి పనికొస్తుంది.

ఏఐ మాట. ఇదే అసైన్‌మెంట్‌ని సరదాకి ఒక ఏఐకి ఇచ్చి చూశా ఇందాక. చక్కగా 8 లక్షణాలు, 10 లాభాలు, 6 నష్టాలు రాసింది (నిజంగా!). ఆధారాలు అడిగితే ఐదు పేపర్లు ఇచ్చింది. మూడు దొరికాయి. రెండు అసలు లేవు, రచయితల పేర్లు నిజమే, పేపర్లు మాత్రం కల్పన. నేను ఎలా వాడతానంటే, ముందు నా వాదన నేను రాసి, "దీన్ని ఒప్పుకోనివాడు ఏమంటాడు" అని అడుగుతా. పూర్వపక్షం దానిది, జవాబు నాది.

హాస్టల్_207
సెప్టెంబర్ 15, ఉదయం 7:30

నిన్న రాస్తానన్నా, నిద్రపోయా. సోమవారం పొద్దున ఏం చెయ్యాలి అని అడిగింది నువ్వొక్కడివే, దానికే జవాబు.

మొదటి సెమిస్టర్‌లో లైబ్రరీలో ఆరు గంటలు కూర్చునేవాణ్ణి. కూర్చోవడమే చదవడం అని ఇంటర్ నేర్పింది కదా. హైలైటర్‌తో పేజీ అంతా పసుపు పూసేవాణ్ణి, పేరంటానికి సిద్ధమైనట్టు ఉండేది పుస్తకం. పరీక్షలో ఏమీ గుర్తులేదు. మా సైకాలజీ క్లాసులో 2006 నాటి రోడిగర్, కార్పికీల ప్రయోగం చెప్పారు. ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ చదివింది, ఇంకో గుంపు పాఠం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందు. వారం తర్వాత పెడితే తారుమారు. మళ్ళీ చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, అదే మోసం.

ఇప్పుడు పొద్దున టిఫిన్ తర్వాత గంటన్నర, ఫోన్ రూంలో వదిలి. చదువు, మూయి, తెల్లకాగితం మీద రాయి. కాగితం మధ్యలో గీత, ఎడమపక్క వాళ్ళు అన్నది, కుడిపక్క నేను అడగాల్సింది. కుడిపక్క ఖాళీగా ఉందంటే ఆ రోజు నేను లేను అని లెక్క. మధ్యాహ్నం మెస్ తర్వాత చదవను, నిద్రొస్తుంది, దానితో యుద్ధం మానేశా.

సాధనకి పేపర్లే అక్కర్లేదు. ర్యాంకుల సీజన్లో దినపత్రిక మొదటి పేజీ ప్రకటన తియ్యి. "పదిలోపు ఇన్ని, వందలోపు అన్ని" అని ఉంటుంది. ఎంతమంది రాస్తే? అది ఉండదు. ఎంతమందిని చేర్చుకుంటే అన్ని వచ్చాయో తెలియకుండా ఆ అంకెకి అర్థమే లేదు. పదేళ్ళు చూశాం ఆ ప్రకటన, ఒక్కసారీ కింద అంకె అడగలేదు.

సూటిగా
సెప్టెంబర్ 15, ఉదయం 8:02

మా క్లాస్‌మేట్ ఫొటో మూడు సంస్థల ప్రకటనల్లో వచ్చింది. ఒకచోట చదివాడు, ఒకచోట నెల రోజుల టెస్టులు రాశాడు. మూడోది వాడికీ తెలియదు.

ఒప్పుకుంటున్నా, ఇది బాగుంది.

మోడరేటర్
సెప్టెంబర్ 15, ఉదయం 10:00

కాలేజీ పేర్లు ఊహించే వ్యాఖ్యలు నాలుగు తీసేశాం. విషయం మీద ఉండండి.

చివరి_బెంచి
అక్టోబర్ 7, రాత్రి 9:40

ఇన్నాళ్ళు రాయనందుకు సారీ. దసరాకి ఇంటికి పోయొచ్చా. మార్కులు మళ్ళీ వెయ్యనన్నారు సార్, రాసిస్తే చదువుతానన్నారు. మళ్ళీ రాశా. మొదటి పేరా ముందు తెలుగులో రాసుకున్నా, అది ఇక్కడ పెడుతున్నా:

"మా ఊళ్ళో ఎండాకాలం చేలో పనికి మనుషులు దొరకడం లేదని రైతులు అంటారు. కరువు పని వచ్చాకే ఇలా అయిందట. ఈ మాట ఎంతవరకు నిజమో చూడటానికి రెండు అధ్యయనాలను పోల్చాను. అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవు."

"ట" కావాలనే పెట్టా అక్కా. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఆ ఒక్క అక్షరానికి సగం లైను పట్టింది.

ఇంకో సంగతి. పథకం రాకముందు ఎండాకాలం కూలి ఎంతుండేదో అమ్మని అడిగా. ఒక అంకె చెప్పింది. మా ఊరి మేట్‌ని, అంటే కరువు పని చేయించే ఆయన్ని, అడిగితే దాదాపు దానికి రెట్టింపు చెప్పాడు. ఇద్దరూ గట్టిగా చెప్పారు. రెండూ రాసి, "జ్ఞాపకాలు నమ్మదగినవి కావు" అని రాసిచ్చా. సార్ ఈసారి అక్కడ గీత గీసి "నిజంగానా?" అని రాశారు. మూడు రోజులు అర్థం కాలేదు. నిన్న మెస్‌లో అన్నం తింటుంటే తట్టింది. అమ్మ చెప్పింది ఆడవాళ్ళ కూలి, మేట్ చెప్పింది మగవాళ్ళ కూలి. ఎవరూ తప్పు చెప్పలేదు. నేనే ఎవరి కూలి అని అడగలేదు.

తెలుగు_మీడియం
అక్టోబర్ 7, రాత్రి 9:52

ఒళ్ళు పులకరించింది తమ్ముడూ.

అంకెలపిచ్చి
అక్టోబర్ 7, రాత్రి 10:10

నీ తర్వాతి అసైన్‌మెంట్ దొరికేసింది. పథకంలో ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు. చేలో మాత్రం రెండు రేట్లు. అలాంటప్పుడు ఎవరి కూలి ఎక్కువ పెరగాలి?

సూటిగా
అక్టోబర్ 7, రాత్రి 10:15

మీ నాన్నని అడిగావా?

చివరి_బెంచి
అక్టోబర్ 7, రాత్రి 10:21

నాన్న బెంగళూరులో ఉంటాడన్నా, సెంట్రింగ్ పని. మా ఊరి మగవాళ్ళు సగం మంది అక్కడే.

సూటిగా
అక్టోబర్ 7, రాత్రి 10:24

అయితే మీ ఊళ్ళో మనుషులు దొరకకపోవడానికి కారణం కరువు పని అని ఎలా అంటున్నావ్? బెంగళూరు కావచ్చు కదా?

చివరి_బెంచి
అక్టోబర్ 7, రాత్రి 10:40

...

మొదటి పేరా మళ్ళీ రాయాలి. లైబ్రరీ పన్నెండు దాకా ఉంటుంది, పోతున్నా.